అరచేతిలో బుడిపెకు రేడియేషన్: విదేశం వెళ్లాలా, ఇక్కడే చేయించాలా, ఆగి చూడాలా?

మా నాన్నగారు చివరి పదేళ్లూ నమస్కారం పెడితే రెండు అరచేతులూ కలిసేవి కావు. కుడిచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు లోపలికి ముడుచుకుపోయి మధ్యలో గూడులా ఖాళీ మిగిలేది. హారతి కళ్లకద్దుకోబోతే వంగిన వేలు కంట్లో తగిలేది. ముఖం కడుక్కున్నా అంతే. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచి, ఎంచి, మోసి అలా అయిపోయిందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆయన పోయిన 11 ఏళ్లకు అన్నయ్య అరచేతిలో, ఇంకో 2 ఏళ్లకు నా చేతిలో అదే చోట బుడిపె తేలింది. అన్నయ్యది కొబ్బరి వ్యాపారం, నిజమే. నేను మాత్రం జీవితమంతా సుద్దముక్క పట్టినవాణ్ణి. ఇది ఒట్టి పని వల్ల వచ్చింది కాదని, వంశంలో నడిచే జబ్బని అప్పుడు అర్థమైంది.

దీని పేరు డుప్యుట్రెన్ కాంట్రాక్చర్. గియోమ్ డుప్యుట్రెన్ అనే ఫ్రెంచి సర్జన్ 1831లో పారిస్‌లో దీనికి ఆపరేషన్ చేసి విద్యార్థులకు వివరించాడు, ఆ పేరే నిలిచింది. అరచేతి చర్మం కింద ఫేషియా అనే పలచని గట్టి పొర ఉంటుంది. అది మందమై ముందు బుడిపె కడుతుంది, తర్వాత తాడులా సాగి వేలిని లోపలికి లాగుతుంది. ఉత్తర ఐరోపా వాళ్లలో చాలా మామూలు. మార్గరెట్ థాచర్‌కు 1986లో, రోనాల్డ్ రీగన్‌కు 1989లో ఆపరేషన్ జరిగింది దీనికే. మన వైపు అరుదు. అందుకే ఇక్కడి డాక్టర్లలో చాలామంది ఏడాదికి ఒకటి రెండు కేసులు కూడా చూడరు, మనం ఫోన్‌లో వెతికితే మాత్రం జర్మనీలో రేడియేషన్ ఇస్తారని కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

అన్నయ్య జర్మనీ వెళ్లి చేయించుకొచ్చాడు. నేను వెళ్లలేదు. ఇద్దరం సరిగానే నిర్ణయించుకున్నామని నా నమ్మకం. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఇదే ప్రశ్నతో సతమతమయ్యేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

దేశాల సంగతి తర్వాత, ముందు ఇది ఆ జబ్బేనా?

వేలు వంగగానే మన పల్లెల్లో ముందు భయపడేది కుష్ఠు గురించి. ఆ భయం పైకి చెప్పుకోలేక చెయ్యి జేబులో దాచుకునేవాళ్లు ఉన్నారు. తేడా ఇలా చూడండి. కుష్ఠులో మోచేతి దగ్గర నరం దెబ్బతిని ఉంగరపువేలు, చిటికెనవేలు పక్షి గోళ్లలా వంగుతాయి, అక్కడ స్పర్శ తగ్గుతుంది. వేరే చేత్తో పట్టుకుని లాగితే, మరీ ముదరకపోతే, ఆ వేళ్లు తిన్నగా వస్తాయి. డుప్యుట్రెన్‌లో స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఎవరు లాగినా వేలు పూర్తిగా రాదు, అరచేతిలో తాడు చేతికి తగులుతుంది, చర్మం అక్కడక్కడ గుంట పడుతుంది. ఇది అంటుకునే జబ్బు కాదు, క్యాన్సరూ కాదు.

ట్రిగ్గర్ ఫింగర్ వేరే. అందులో వేలు టిక్కున ఇరుక్కుని మళ్లీ వదులుతుంది, పొద్దున్నే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు చేతి కీళ్లన్నీ బిగుసుకుపోయే సమస్య ఇంకొకటి. షుగర్ వల్ల డుప్యుట్రెన్ కూడా వస్తుంది కానీ సాధారణంగా మెత్తగా నడుస్తుంది. అన్నయ్యకు మా దగ్గర్లోని ఒక క్లినిక్‌లో నరాల బలహీనత అని 4 నెలలు బిళ్లలు మింగించారు. ఆ 4 నెలల్లో ఒక బుడిపె రెండయింది. అందుకే మొదటి ప్రయాణం విదేశానికి కాదు, చెయ్యి సర్జన్ దగ్గరికి పెట్టుకోండి. వైజాగ్‌లో, హైదరాబాద్‌లో చేతి ఆపరేషన్లే చేసే ప్లాస్టిక్, ఆర్థో డాక్టర్లు ఉన్నారు. కోయంబత్తూరులో గంగా హాస్పిటల్‌కు చేతి శస్త్రచికిత్సలో పెద్ద పేరు. రాయవేలూరు సీఎంసీలోనే పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు వల్ల వంగిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. అక్కడ ఈ రెండింటినీ తేడా కట్టడం కొత్త కాదు.

అసలు లెక్క: ఏ దశలో ఉంది?

నా మాట ఒక్కటే గుర్తుంచుకుంటే చాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి: రేడియేషన్ వంగిన వేలిని తిన్నగా చేయదు. పెరుగుతున్న బుడిపెను ఆపడానికే అది. కాబట్టి ఏ దేశం, ఎంత ఖర్చు అనే ప్రశ్నకు ముందు మీ చెయ్యి ఏ మెట్టు మీద ఉందో తెలియాలి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. భోజనాల బల్ల మీదో, నున్నని అరుగు మీదో అరచెయ్యి బోర్లా పెట్టి నొక్కండి. అరచెయ్యి, వేళ్లు పూర్తిగా ఆనితే వంపు లేదు. కింద సందు కనిపిస్తే వంపు మొదలైంది. డాక్టర్లు దీన్ని డిగ్రీల్లో కొలుస్తారు. బుడిపె మాత్రమే ఉండి వంపు లేకపోతే ఎన్ దశ. 10 డిగ్రీల లోపు వంపుంటే ఎన్‌కు, ఒకటో దశకు మధ్య దశ. 45 వరకు ఒకటో దశ, 45 నుంచి 90 రెండో దశ, ఆ పైన మూడు, నాలుగు.

జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు 2010లో ప్రచురించిన లెక్క ఈ విషయంలో చాలామంది చూపించేది. రేడియేషన్ తీసుకున్న 135 మందిని, 208 చేతులను సగటున 13 ఏళ్లు గమనించారు. ఎన్ దశలో మొదలుపెట్టినవాళ్లలో 87 శాతానికి అది పెరగలేదు లేదా తగ్గింది. మధ్య దశలో 70 శాతానికి. ఒకటో దశలో మొదలుపెట్టినవాళ్లలో 62 శాతానికి, రెండో దశలో 86 శాతానికి జబ్బు ముందుకే పోయింది. అంటే వేలు 30 డిగ్రీలు వంగాక అప్పోసప్పో చేసి రేడియేషన్‌కు జర్మనీ టికెట్ కొంటే ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ 135 మందికి పక్కన ఏ వైద్యమూ తీసుకోని గుంపును పెట్టి పోల్చలేదు. బుడిపె వచ్చిన ప్రతివాళ్లకూ వేలు వంగదు, చాలామందికి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఆ 87 శాతంలో ఎంత రేడియేషన్ చలవ, ఎంత జబ్బు తనంతట ఆగినది అని తేల్చి చెప్పడం కష్టం. బ్రిటన్‌లో వైద్య పద్ధతులను పరిశీలించే నైస్ సంస్థ 2016లో ఇదే అంది: భద్రత విషయంలో పెద్ద అభ్యంతరం లేదు, ఫలితం మీద సాక్ష్యం చాలదు, కాబట్టి ప్రత్యేక జాగ్రత్తలతోనే వాడండి అని.

అందుకే రేడియేషన్ ఇచ్చే మంచి డాక్టరు ముందు అడిగేది "గత 6 నెలల నుంచి ఏడాది లోపు పెరిగిందా?" అని. పెరుగుతుంటేనే ఇస్తారు. ఊరికే ఉన్న బుడిపెకు ఇవ్వరు.

ఏం చేస్తారు, ఎన్ని రోజులు?

బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో మొత్తం 30 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచేది గ్రేలలో). రోజుకు 3 గ్రే చొప్పున వరసగా 5 రోజులు ఇస్తారు. తర్వాత 6 నుంచి 12 వారాలు విరామం. మళ్లీ 5 రోజులు. కొన్నిచోట్ల విరామం లేకుండా 7 సార్లలో 21 గ్రే, రోజు విడిచి రోజు, 2 వారాల్లో ముగిస్తారు. పెద్ద క్యాన్సర్లకు ఇచ్చే మోతాదుతో పోలిస్తే ఇది తక్కువ, పైగా లోతుకు పోకుండా పైపైనే పడేలా ఇస్తారు. కొందరు తక్కువ శక్తి ఎక్స్‌రే యంత్రంతో, కొందరు లీనాక్ అనే, క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉండే పెద్ద రేడియేషన్ యంత్రంలో ఎలక్ట్రాన్లతో ఇస్తారు.

అన్నయ్య చెప్పినదాన్ని బట్టి: డాక్టరు బుడిపెల చుట్టూ వేలితో తడిమి, పెన్నుతో గీత గీసి, ఆ గీత చుట్టూ ఇంకాస్త దూరం వదిలి రెండో గీత గీశాడు. ఆ ఆకారానికి రంధ్రం ఉన్న సీసం పలకను అరచేతి మీద పరిచి యంత్రం గొట్టాన్ని కిందికి దించారు. గది తలుపు మూశారు. సన్నగా ఈగ ముసిరినట్టు చప్పుడు, రెండు మూడు నిమిషాలు, అంతే. నొప్పి లేదు, వేడి లేదు. మధ్యాహ్నం అదే చేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. రెండో విడత అయ్యాక మాత్రం అరచెయ్యి ఎర్రబడి, పొట్టు రేగి, కొన్ని నెలలు ఎండిపోయిన అరిటాకులా ఉంది. ఆ పొడితనం ఇప్పటికీ కొంత ఉంది. చర్మం పొడిబారడం, పలచబడటం ఈ వైద్యంలో మామూలుగా మిగిలే ఇబ్బంది. తర్వాతెప్పుడో ఆ చోట క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా చిన్నది, కానీ సున్నా కాదు. 65 ఏళ్ల మనిషి దీన్ని ఒకలా తూచుకుంటాడు, 35 ఏళ్ల మనిషి ఇంకోలా తూచుకోవాలి. గర్భవతులకు ఇవ్వరు.

ఇక్కడ ఆ విరామాన్ని గట్టిగా పట్టుకోండి. దేశం ఎంచుకోవడంలో డబ్బుకన్నా, పేరుకన్నా ఎక్కువగా తేల్చేది అదే. వారం వైద్యం, రెండు మూడు నెలల ఖాళీ, మళ్లీ వారం. ఆ ఖాళీ ఎక్కడ గడుపుతారు? వెనక్కి వచ్చి మళ్లీ వెళ్తారా? అక్కడే ఉంటారా? ఎవరింట్లో?

ఒక్కో దారి

*ఆగి చూడటం.* ఇది ఏమీ చేయకపోవడం కాదు. ప్రతి 3 నెలలకు ఒకే వెలుతురులో అరచేతి ఫొటో, బల్ల మీద చెయ్యి పెట్టి ప్రక్క నుంచి ఫొటో, తెల్లకాగితం మీద చెయ్యి చుట్టూ గీసిన గీత, బుడిపె పెద్దదెంతో స్కేలుతో కొలత. షుగర్ అదుపులో పెట్టుకోవడం, చుట్ట, సిగరెట్, మందు తగ్గించడం, ఎందుకంటే ఈ మూడూ దీనికి తోడయ్యేవే. నూనె రాసి మర్దనా చేస్తే బుడిపె కరుగుతుందనడానికి ఆధారం లేదు. మా ఇంట్లో ఆముదం, ఆవనూనె అన్నీ అయ్యాయి.

*ఇక్కడే రేడియేషన్.* నా దృష్టిలో అందరూ ముందు తట్టాల్సిన తలుపు ఇదే. లీనాక్ యంత్రాలు మన తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. వైజాగ్ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే, బసవతారకం, ఇంకా ఎన్నో ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. కోసి తీసేసిన కీలాయిడ్ మచ్చ మళ్లీ పెరగకుండా రేడియేషన్ ఇవ్వడం మన దేశంలో చాలాకాలంగా ఉన్నదే. అంటే క్యాన్సర్ కాని జబ్బుకు పైపైన ఎలక్ట్రాన్లు ఇవ్వడం ఇక్కడివాళ్లకు తెలియని విద్య కాదు. తెలియనిది ఈ జబ్బు. క్యాన్సర్ రోగుల వరస నిండుగా ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో బుడిపెకు సమయం ఇవ్వమంటే కుదరకపోవచ్చు, అది వాళ్ల తప్పు కాదు. ప్రైవేటులో రేడియేషన్ ఆంకాలజిస్టును నేరుగా కలిసి అడగండి: ఎలక్ట్రాన్ సదుపాయం ఉందా? 3 గ్రే చొప్పున 10 సార్లు, మధ్యలో విరామంతో ఇస్తారా? చర్మం దాకా మోతాదు అందేలా అరచేతి మీద బోలస్ పలక పెడతారా? ఇంతకుముందు ఈ జబ్బుకు ఇచ్చారా? చివరి ప్రశ్నకు "లేదు" అన్నా మిగిలిన మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే డాక్టరైతే నేను నమ్ముతాను.

లాభం తెలిసిందే. నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. వారం అయ్యాక ఇల్లు. విరామంలో చేలు, చెరువులు చూసుకోవచ్చు. అన్నయ్యకు ఇది కుదరలేదు. రెండు చోట్ల అడిగితే ఒకచోట క్యాన్సర్ కానిదానికి ఇవ్వబోమన్నారు, ఇంకోచోట వేలు వంగాక రమ్మన్నారు. వంగాక ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదని అప్పటికే చదువుకుని ఉన్నాం కాబట్టి ఆ మాట విని ఇంటికొచ్చి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

*జర్మనీ.* అనుభవంలో దీనికి సాటి లేదు. మడమ నొప్పికి, కీళ్ల నొప్పులకు కూడా తక్కువ మోతాదు రేడియేషన్ ఇవ్వడం అక్కడ మామూలు. డుప్యుట్రెన్ మీద ఎస్సెన్‌లో, తర్వాత హాంబర్గ్‌లో పనిచేసిన హైన్రిక్ సీగెన్‌ష్మీడ్ బృందం 21 గ్రే, 30 గ్రేలను పోల్చి చూసింది. మీ చెయ్యి వాళ్లకు ఆ రోజు చూసే పదో చెయ్యి కావచ్చు. ఆ ధైర్యం వేరే.

బయటివాళ్లను ప్రైవేటు రోగులుగా చూస్తారు. జిఓఎ అనే వైద్యుల రేట్ల పట్టిక ప్రకారం బిల్లు వేస్తారు. ముందే కోస్టెన్‌ఫోరాన్‌ష్లాగ్, అంటే రాతపూర్వక ఖర్చు అంచనా, రెండు విడతలకూ కలిపి అడగండి. ఆ కాగితం వీసాకూ పనికొస్తుంది. జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ ఇన్సూరెన్స్ అత్యవసరానికే, మీరు చేయించుకోబోయే వైద్యానికి కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

షెంగెన్‌లో 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదు. లెక్క వేయండి. వారం, 8 వారాల విరామం, మళ్లీ వారం: 70 రోజులు, సరిపోతుంది. విరామం 12 వారాలైతే 98 రోజులు, సరిపోదు. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్తే రెండు వారాలే లెక్కకు వస్తాయి కానీ మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. ఆసుపత్రి ఉత్తరంలో రెండు విడతల తేదీలూ ఉండాలి, లేకపోతే వీసా ఒక్క ప్రయాణానికే వచ్చే ప్రమాదం ఉంది. అన్నయ్య రెండుసార్లు వెళ్లాడు. మొత్తం ఖర్చులో వైద్యం కంటే విమానాలు, గది అద్దె ఎక్కువ తేలాయి. ఒంటరిగా వెళ్లొద్దని వదిన పట్టుబట్టి తోడు వెళ్లింది, అది మంచిదే అయింది. చెయ్యి పనిచేస్తూనే ఉన్నా, భాష తెలియని చోట ఒక్కడే కూర్చుని అరచెయ్యి చూసుకుంటూ గడపడం కష్టం.

*బ్రిటన్.* ప్రైవేటు క్లినిక్‌లలో రెండు విడతల పద్ధతే ఇస్తారు. విజిటర్ వీసా మామూలుగా 6 నెలలు కాబట్టి విరామం ఒకే ప్రయాణంలో ఇమిడిపోతుంది. వైద్యం కోసమని దరఖాస్తులో చెప్పి, అక్కడి డాక్టరు ఉత్తరంలో జబ్బు, ఖర్చు, ఎన్నాళ్లు అన్నవి రాయించాలి. ఇంగ్లీషు ఇబ్బంది లేదు. పిల్లలు అక్కడ ఉంటేనే ఇది అర్థవంతం, లేకపోతే గది అద్దె మోయలేం.

*అమెరికా.* కోనసీమలో ప్రతి వీధికీ ఒక పిల్లో పిల్లాడో అమెరికాలో ఉన్నారు. అన్నయ్య కూతురు డాలస్‌లో ఉంటుంది. "బాబాయ్, నాన్నని ఇక్కడికే పంపెయ్, నేను చూసుకుంటా" అని ఎన్నిసార్లు అందో. బీ2 అనే విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా 6 నెలలు ఉండనిస్తారు, బస ఖర్చు లేదు, విరామంలో మనవలతో గడపొచ్చు. కానీ అక్కడ దీనికి రేడియేషన్ ఇచ్చేవాళ్లు జర్మనీతో పోలిస్తే తక్కువ, ఇన్సూరెన్స్ లేకుండా లీనాక్ బిల్లు చాలా బరువు. పైగా పేషెంటుగా కాక చుట్టంచూపుగా వీసా తీసుకుని వైద్యం చేయించుకోవడం తప్పు. వీసా ఇంటర్వ్యూలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, డబ్బు ఎవరు కడతారో చూపించాలి. ముందుగా "సెల్ఫ్ పే" రేటు, అంటే ఇన్సూరెన్స్ లేకుండా సొంతంగా కట్టేది, రాతలో అడిగి తెచ్చుకోండి. ఆ అంకె చూసే అన్నయ్య డాలస్ వద్దన్నాడు.

*సూది, ఆపరేషన్.* వేలు వంగాక దారి ఇదే. సూదితో తాడును తెంపడం చిన్న పని, చెయ్యి త్వరగా కోలుకుంటుంది, కానీ తిరిగి వస్తుంది. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పోలికలో 5 ఏళ్లలో సూది పద్ధతిలో 85 శాతం దాకా, ఆపరేషన్‌లో 21 శాతం దాకా మళ్లీ వంగాయి. తాడును కరిగించే కొలాజినేజ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది, ఐరోపాలో 2020 నుంచి అమ్మడం లేదు. అదీ తాడు ఏర్పడి వేలు వంగినవాళ్లకే. వేలు వంగినవాళ్లకు నా సలహా: విదేశం అక్కర్లేదు. మన దేశంలో చెయ్యి సర్జన్ల నైపుణ్యం తక్కువేమీ కాదు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు బుడిపెలోకి అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఇచ్చి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు. బుడిపె మెత్తబడి చిన్నదైంది. దాని మీద ఆశ ఉంది కానీ దాని కోసం టికెట్ కొనమని నేను అనను.

| దారి | ఎవరికి పనికొస్తుంది | విరామం ఎలా | బరువు |
|---|---|---|---|
| ఆగి చూడటం | పెరగని బుడిపె | లేదు | క్రమం తప్పకుండా కొలవాలి |
| ఇక్కడ రేడియేషన్ | పెరుగుతున్న బుడిపె, వంపు 10 డిగ్రీల లోపు | ఇంట్లోనే | ఒప్పుకునే డాక్టరును వెతకడం |
| జర్మనీ | అదే దశ, ఇక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే | రెండు ప్రయాణాలు లేదా 90 రోజుల లోపు బస | విమానాలు, బస |
| బ్రిటన్ | అదే దశ, పిల్లలు అక్కడుంటే | 6 నెలల వీసాలో ఇముడుతుంది | ప్రైవేటు బిల్లు, బస |
| అమెరికా | అదే దశ, పిల్లలు అక్కడుంటే | 6 నెలల్లో ఇముడుతుంది | వైద్యం బిల్లు |
| సూది, ఆపరేషన్ | వేలు వంగినవాళ్లు | లేదు | తిరిగి రావడం, కోలుకునే కాలం |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

నరసాపురం వైపు లేసు అల్లే అక్కచెల్లెళ్లకు ఒక మాట. క్రోషే సూది పట్టేది బొటనవేలు, చూపుడువేలు. దారాన్ని బిగువుగా ఉంచేది మాత్రం ఎడమచేతి ఉంగరపువేలు, చిటికెనవేలే. ఆ వేలు మడత పడితే దారం జారుతుంది, పని తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. కాబట్టి బుడిపె చిన్నదే కదా అని ఊరుకోకుండా కొలవడం మొదలుపెట్టండి. పెరుగుతుంటే హైదరాబాద్‌లో అడగండి. అప్పు చేసి విదేశం వెళ్లాల్సిన జబ్బు మాత్రం కాదు ఇది. ప్రాణం మీదికి రాదు, వంగినా సరిచేసే ఆపరేషన్ మన దగ్గర ఉంది.

రొయ్యల చెరువుల రైతులు, కొబ్బరి పనివాళ్లు విడతల తేదీలు పని చూసుకుని పెట్టుకోండి. రేడియేషన్ తర్వాత కొన్ని వారాలు అరచేతికి పీచు గీసుకోకూడదు, ఉప్పునీళ్లలో నానకూడదు. లంకల్లో ఉండేవాళ్లు రెండో విడత జూలై, ఆగస్టుల్లో పడకుండా చూసుకోండి. వరదకు కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే పడవ మీద దాటి, బస్సెక్కి, విమానం అందుకోవడం జరిగే పని కాదు. విడత తప్పితే మొదటి వారం ఇచ్చినదానికి అర్థం తగ్గుతుంది.

40 లోపు వయసువాళ్లకు జబ్బు తొందరగా ముదిరే రకం కావచ్చు, కాబట్టి రేడియేషన్ అవసరం ఎక్కువ అనిపిస్తుంది. ముందున్న ఆయుష్షు కూడా ఎక్కువ, కాబట్టి ప్రమాదాన్నీ ఎక్కువ తూచాలి. వీళ్లు ఒక్క డాక్టరు మాట మీద నిర్ణయించుకోకూడదు. చెయ్యి సర్జన్, రేడియేషన్ డాక్టరు ఇద్దరినీ అడగాలి.

షుగర్ ఉన్నవాళ్లు, పెరుగుదల నెమ్మదిగా ఉంటే, ఆగడమే మేలని నా అభిప్రాయం.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే

టికెట్ కంటే ముందు మెయిల్. బల్ల మీద చెయ్యి పెట్టిన ఫొటోలు, తేదీలతో సహా, గత ఏడాదివి పంపండి. మీ సర్జన్‌తో వంపు డిగ్రీలు రాయించండి. "ఈ దశలో మీరు ఇస్తారా, ఏ మోతాదు, ఎన్ని రోజులు, విరామం ఎంత, విరామాన్ని 8 వారాలకు కుదించవచ్చా, మొత్తం ఎంత" అని ఒకే మెయిల్‌లో అడగండి. వంగిన వేలి ఫొటో చూసి కూడా రమ్మనే చోటికి వెళ్లకండి.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం ఎల్ఆర్ఎస్ కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. వైద్యానికని పంపినది ఏడాదిలో 10 లక్షలు దాటితే పైదాని మీద టీసీఎస్ అనే పన్ను బ్యాంకే ముందు పట్టుకుంటుంది, దాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. ఆసుపత్రి అంచనా కాగితం బ్యాంకుకు చూపించి, వైద్యం అనే కోడ్ కిందే పంపేలా చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు మోతాదు, యంత్రం శక్తి, అరచేతిలో ఏ భాగం మీద పడిందో చూపే ఫొటో తెచ్చుకోండి. రేపు ఆ వేలికి ఆపరేషన్ అవసరమైతే ఇక్కడి సర్జన్ మొదట అడిగేది అదే. ఒకసారి నిండు మోతాదు పడ్డ చోట మళ్లీ ఇంకో చోటికి పోయి రేడియేషన్ వేయించుకోకుండా కాపాడేది కూడా ఆ కాగితమే. అన్నయ్య దాన్ని లామినేషన్ చేయించి ఇంటి దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టాడు.

వైద్యం అయ్యి మూడేళ్లయింది. అన్నయ్య చేతిలో ఒక బుడిపె చదునైంది, రెండోది అలాగే ఉంది, వేలు వంగలేదు. నాది మూడేళ్లలో 2 మిల్లీమీటర్లు కూడా పెరగలేదు. ప్రతి సంక్రాంతికీ భోగి మర్నాడు ఇద్దరం వీధి అరుగు మీద పక్కపక్కన చేతులు బోర్లా పెడతాం. డాలస్ నుంచి వీడియోలో అన్నయ్య కూతురు చూస్తుంటుంది, వదిన స్కేలు పట్టుకుని కింద సందు ఉందేమో వంగి చూస్తుంది. ఈ ఏడు కూడా కాగితం దూరలేదు.